అప్‌డేట్: ముక్కుకి రివిజన్ సర్జరీ విషయంలో ఒక నిర్ణయానికి వచ్చాను

ముక్కు సర్జరీ తర్వాత కొన కాస్త వంకరగా ఉంది, ఎడమవైపు గాలి సరిగా ఆడట్లేదు, దాన్ని సరిచెయ్యడానికి మళ్లీ సర్జరీ (రివిజన్) చేయించుకోవాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఓపిగ్గా సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే, రివిజన్ కేసులు ఎక్కువగా చేసే ఇంకో సర్జన్‌కి చూపించుకున్నాను.

ఆయన వంకర గురించి కాదు, ముందు ఊపిరి గురించి అడిగారు. ఎడమ చెంపని వేలితో పక్కకి లాగి పట్టుకుని గాలి పీల్చమన్నారు. అంతే, ముక్కు పూర్తిగా తెరుచుకుంది! ఎన్నాళ్లయిందో అలా ఊపిరి తీసుకుని, కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలి వాల్వ్ దగ్గర, అంటే ముక్కులో గాలి వెళ్లే దారి అన్నిటికన్నా సన్నగా ఉండే చోట, దారి ఇంకా ఇరుకైందట. తర్వాత ఎండోస్కోపీలోనూ అదే తేలింది.

కొన సంగతి వేరు. అక్కడి వాపు అన్నిటికన్నా ఆఖరున తగ్గుతుంది, ఏడాది పైనే పట్టొచ్చు, చర్మం మందంగా ఉంటే ఇంకా ఎక్కువ. నాకింకా ఏడాది నిండలేదు కాబట్టి ఇప్పుడే చెయ్యనన్నారు.

టెన్షన్ పెట్టింది ఒకటే. ఆ ఇరుకు దారిని వెడల్పు చెయ్యడానికి మృదులాస్థి (కార్టిలేజ్) కావాలి, కానీ ముక్కు మధ్య గోడలో ఉన్నది మొదటిసారే చాలావరకు వాడేశారు. ఈసారి చెవి నుంచో, పక్కటెముక నుంచో తియ్యాలి. పైగా లోపల మచ్చ కట్టి ఉంటుంది కాబట్టి ఫలితం ముందే గట్టిగా చెప్పలేమన్నారు. అలా దాచకుండా చెప్పినందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఏడాది దాటాక ఊపిరి కోసం చేయించుకుంటాను. వంకర కూడా అందులోనే సర్దుకుంటే సంతోషం, దాని కోసమే అయితే మాత్రం మళ్లీ కోయించుకోను. ఇలాంటి కన్సల్టేషన్‌కి వెళ్లేవాళ్లు మొదటి ఆపరేషన్ నోట్స్ తప్పకుండా తీసుకెళ్లండి. ఎంత మృదులాస్థి మిగిలి ఉండొచ్చో వాటిని బట్టే ఆయన అంచనా వేశారు.