క్రిస్టీనా న్యాగు ఎందుకంత గొప్ప?

మా అమ్మాయి స్కూల్లో హ్యాండ్‌బాల్ మొదలుపెట్టింది. రొమేనియా ప్లేయర్ న్యాగు గురించి దానికి ఏం చెప్పమంటారు?

జవాబు 1: 2010, 2015, 2016, 2018ల్లో నాలుగుసార్లు ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అండీ! ఆడింది లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమవైపు దూరం నుంచి చేత్తో గోల్‌లోకి బంతి విసిరే స్థానంలో. గోల్‌కి తొమ్మిది మీటర్ల దూరంలో ఉండే గీత దగ్గర గాల్లోకి లేచి, అడ్డొచ్చిన చేతుల మీదుగా బంతి కొట్టడం ఒక్కసారి వీడియోలో చూపించండి, చాలు.

జవాబు 2: నాకైతే అవార్డుల కంటే 2010కీ 2015కీ మధ్య కాలమే ముఖ్యం. భుజం గాయంతో చాలాకాలం ఆటకు దూరమైంది, షాట్ కొట్టాలంటే ఆధారమే భుజం కదా. అయినా తిరిగొచ్చి 2015లో మాంటెనెగ్రో క్లబ్ బుదుచ్నోస్ట్‌తో యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది.

జవాబు 3: 2018 డిసెంబర్లో యూరో టోర్నీ (యూరప్ దేశాల పోటీ) మధ్యలో మోకాలి లిగమెంట్ కూడా తెగింది. అప్పుడూ వదల్లేదు, 2025 దాకా ఆడింది. పాపకి భుజం వ్యాయామాలు ఇప్పట్నుంచే నేర్పించండి, ప్లీజ్.