‘ఆలస్యం అమృతం విషం’: రాని ఇంటర్వ్యూకి ఈ సామెత పనికొస్తుందా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఒక గేమ్ డెవలపర్ ఇంటర్వ్యూ కోసం మా మిత్రులమంతా కాచుకుని కూర్చున్నాం. ఫలానా రోజు వస్తుందన్నారు, ఆ రోజు దాటిపోయింది, "కాస్త ఆలస్యమవుతోంది, ఓపిక పట్టండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు, ఆ తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆ కోపంలో మాలో ఒకరు "ఆలస్యం అమృతం విషం" అని రాశారు. వెంటనే ఇంకొకరు "సామెత ఆలస్యం అమృతం అనే కదా, లేటైతేనే ఏదైనా బాగా వస్తుంది" అన్నారు. మూడో ఆయన "నిదానమే ప్రధానం" అని అందుకున్నారు. ఇప్పుడు గొడవంతా ఇంటర్వ్యూ వదిలేసి సామెతల మీద పడింది. సామెత అసలు రూపం ఏమిటి, ఈ రెండు సామెతలూ ఒకదానికొకటి అడ్డం కావా, ఇలాంటప్పుడు ఆలస్యం అనాలా, జాప్యం అనాలా, వాయిదా అనాలా? పెద్దలు చెప్పగలరు.

జవాబు:

అసలు రూపం "ఆలస్యాదమృతం విషం" అండి. ఆలస్యాత్ + అమృతం, సంధిలో త్ కాస్తా ద్ అయింది. ఆలస్యాత్ అంటే ఆలస్యం వలన, పంచమీ విభక్తి. ఆలస్యం వల్ల అమృతం కూడా విషమైపోతుందని అర్థం. వాడుకలో ఆ విభక్తి జారిపోయి మూడు మాటలు విడివిడిగా వరసలో నిలబడ్డాయి, దాంతో ఎవరికి కావలసిన చోట వాళ్ళు విరుచుకుంటున్నారు. "ఆలస్యం అమృతం" దగ్గర ఆపితే అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. మీ రెండో మిత్రుడు చెప్పదలచుకున్న విషయంలో న్యాయం ఉంది, దాని దగ్గరికి వస్తాను, కానీ ఈ సామెత మాత్రం ఆయన పక్షాన సాక్ష్యం చెప్పదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సంస్కృతంలో ఆలస్యం అంటే సోమరితనం. తెలుగులో మనం దాన్ని లేటు అనే అర్థంలోకి మార్చుకున్నాం. సామెతను ఒకలా చదివితే బద్ధకం వల్ల చెడుతుందని, ఇంకోలా చదివితే సమయం మించిపోవడం వల్ల చెడుతుందని. గేమింగ్ అభిమానులు ఎదురుచూసి విసిగిపోయినప్పుడు రాసేవి చూడండి, ఈ రెండూ ఎంత తొందరగా కలిసిపోతాయో! "లేటైంది" అని మొదలైన మాట నాలుగు వాక్యాల్లో "వీళ్ళు పనిచేయడం లేదు" దగ్గర తేలుతుంది. 2016లో నో మ్యాన్స్ స్కై విడుదల జూన్ నుంచి ఆగస్టుకు జరిగితే, దాన్ని తయారుచేస్తున్న చిన్న బృందానికి చంపుతామనే బెదిరింపులు కూడా వచ్చాయి. గేమ్ రెండు నెలలు వెనక్కి వెళ్ళినందుకు! లేటును బద్ధకంగా, బద్ధకాన్ని మోసంగా చదివేసుకుంటే అక్కడిదాకా పోతుంది. కాబట్టి ఈ సామెత వాడేటప్పుడు తెలుగు అర్థంలోనే, అంటే సమయం మించిపోవడం అనే అర్థంలోనే వాడమని నా మనవి.

ఇక ఇది దేనికి వర్తిస్తుంది? ఇదే భావం ఉన్న శ్లోకం హితోపదేశంలో ఉంది.

ఆదానస్య ప్రదానస్య కర్తవ్యస్య చ కర్మణః
క్షిప్రమక్రియమాణస్య కాలః పిబతి తద్రసం

తీసుకోవలసింది, ఇవ్వవలసింది, చేయవలసిన పని, వీటిని వెంటనే చేయకపోతే వాటిలోని రసాన్ని కాలం తాగేస్తుంది అని. "పిబతి" అన్న ఆ ఒక్క క్రియ కోసం ఈ శ్లోకాన్ని ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. వస్తువు అక్కడే ఉంటుంది, పైకి ఏమీ మారినట్టు కనపడదు, రసం మాత్రం ఉండదు.

గేమ్ సంగతి వేరు. పూర్తికాని గేమ్‌లో తాగడానికి ఇంకా రసమే ఊరలేదు, అక్కడ గడిచే కాలం దాన్ని తయారుచేస్తూ ఉంటుంది. సైబర్‌పంక్ 2077 చూడండి. ఆ గేమ్ విడుదల 2020 ఏప్రిల్ 16 అన్నారు, సెప్టెంబర్ 17 అన్నారు, నవంబర్ 19 అన్నారు, చివరికి డిసెంబర్ 10న వదిలారు. అప్పటికీ పాత కన్సోళ్ళ మీద, అంటే టీవీకి తగిలించి ఆడుకునే పాత గేమ్ యంత్రాల మీద, సరిగా ఆడలేదు, అదే నెలలో సోనీ తన డిజిటల్ స్టోర్ నుంచి తీసేసింది, తిరిగి 2021 జూన్‌లో పెట్టింది. 2023లో 2.0 అప్‌డేట్ వచ్చాక అదే గేమ్‌ను మెచ్చుకున్నవాళ్ళు ఎందరో. మరికొంత ఆగి ఉంటే బాగుండేదనే అందరూ అంటారు. ఇక్కడ నిదానమే ప్రధానం.

ఇంటర్వ్యూ అలా కాదు. అది "ప్రదానం", అంటే ఇవ్వడం. అడగడం, చెప్పడం అయిపోయాక అందులో కొత్తగా ఊరేది ఏమీ ఉండదు, అక్కడి నుంచి ప్రతి రోజూ తరుగుదలే. ఈలోపు ట్రైలర్ వస్తుంది, లీకులు వస్తాయి, ప్రచురణకర్తే ఏదో ప్రకటన చేస్తాడు, అప్పుడు అడిగిన ప్రశ్నల్లో సగానికి జవాబులు ముందే తెలిసిపోతాయి, మిగతా సగం పాతబడతాయి. కాబట్టి మీ మిత్రులు ఇద్దరూ ఒప్పే, ఒకరు గేమ్ గురించి మాట్లాడుతున్నారు, ఒకరు మాట గురించి. రెండు సామెతలకూ తగువు లేదు.

అన్నట్టు నిదానం కూడా అర్థం మారిన మాటే. సంస్కృతంలో మూలకారణం అని, వైద్యంలో రోగ కారణాన్ని కనిపెట్టడం అని. నెమ్మది, స్థిమితం అనే అర్థం మన దగ్గరే ఎక్కువ.

ఇంకో సభ్యుడు:

గురువుగారూ, ఒక సందేహం. "ఆలస్యమైన గేమ్ ఎప్పటికైనా బాగుపడుతుంది, తొందరపడిన గేమ్ ఎప్పటికీ చెడ్డదే" అని నింటెండో కంపెనీ గేమ్ రూపకర్త మియమోటో అన్నారు కదా, దాన్ని ఇక్కడ చెప్పకుండా వదిలేశారేం? మీ సామెత కంటే అదే సూటిగా ఉంది. రెండోది, ఆలస్యమైన ఇంటర్వ్యూ విషమే అయితే సిల్క్‌సాంగ్ గేమ్ సంగతేమిటి? ఏళ్ళ తరబడి పెద్దగా నోరు విప్పలేదు దాన్ని తయారుచేసినవాళ్ళు. విప్పిన రోజు మాకు పండగే.

జవాబు:

మియమోటో పేరు మీద ఆ వాక్యం బాగా తిరుగుతోంది తమ్ముడూ, కానీ ఆయనే అన్నారనడానికి గట్టి ఆధారం లేదు. అందుకే వదిలేశాను. పైగా సైబర్‌పంక్ దాన్ని సగం అబద్ధం చేసింది, తొందరపడిన గేమ్ కూడా అప్‌డేట్లతో నిలదొక్కుకోగలదని ఇప్పుడు మనకు తెలుసు.

సిల్క్‌సాంగ్ మంచి ప్రశ్న, దీనికి కాస్త వివరంగా చెప్పాలి. 2019 ఫిబ్రవరిలో గేమ్ ప్రకటించారు. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ షోలో చూపించిన ఆటలన్నీ ఏడాదిలోపు ఆడుకోవచ్చన్నారు, అందులో ఇదీ ఉంది. 2023 మేలో, కుదరదు, ఇంకా సమయం పడుతుందన్నారు. అభిమానులకు గుండెల్లో గుచ్చుకున్నది ఆ గడువు తప్పడమే. ఆ తర్వాత కొత్త గేమ్‌లు ప్రకటించే ప్రతి నింటెండో ప్రసారంలోనూ చాట్ నిండా సిల్క్‌సాంగ్ పేరే. ఇక 2025 ఆగస్టు 21న బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థలో ఆ గేమ్ తయారుచేసిన టీమ్ చెర్రీ వాళ్ళ ఇంటర్వ్యూ వచ్చింది. ఆ ఇంటర్వ్యూ ఫలానా రోజు వస్తుందని ఎవరూ మనకు ముందు చెప్పలేదు. చెప్పని దానికి ఆలస్యం ఎక్కడిది? దానితోపాటే విడుదల తేదీ చెప్పారు, సరిగ్గా రెండు వారాలకు సెప్టెంబర్ 4న గేమ్ చేతికొచ్చింది. మాటకూ వస్తువుకూ మధ్య కాలానికి తాగే వ్యవధే ఇవ్వలేదు వాళ్ళు.

అందులో వాళ్ళు చెప్పిన ఒక కారణం మన చర్చకు సరిగ్గా సరిపోతుంది. ఇంకా పనిచేస్తున్నాం అనడం తప్ప చెప్పడానికి ఏమీ లేనప్పుడు, అదే మాట మళ్ళీ మళ్ళీ చెబితే జనానికి విరక్తి పుడుతుందని మౌనంగా ఉన్నారట. చూశారా, పని నిదానంగా సాగుతోందని వాళ్ళకు చింత లేదు, తయారు చేయడంలో ఆనందంగానే ఉన్నామన్నారు. మాట చేదెక్కుతుందనే వాళ్ళ భయం. తెలుగు రాని మనుషులు ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కూర్చుని మన రెండు సామెతలనూ పక్కపక్కన పెట్టుకుని నడిచినట్టుంది.

మౌనం అందరికీ సరిపడుతుందని కాదు. మీ డెవలపర్ మౌనంగా లేడు, రోజు చెప్పాడు. చెప్పాక దాన్ని తప్పి ఊరుకోవడానికీ అసలు చెప్పకపోవడానికీ చాలా దూరం ఉంది.

ఒక సభ్యురాలు:

నాదొక చిన్న మాట. కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాం అంటాం కదా, చాలామంది దాన్ని చెట్టుకు కాసే కాయ అనుకుంటారు. చేతులు కాయలు కాచాయి అన్నప్పటి కాయ అది, ఒరిపిడి వల్ల చర్మం గట్టిపడటం. చూసి చూసి కళ్ళు అలా అయ్యాయని. ఎదురుచూపు, నిరీక్షణ రెండింటిలోనూ ఉన్నది చూడటమే. సంస్కృతంలో నిరీక్షణ అంటే పరికించి చూడటం, మనం దాన్ని వేచి ఉండటానికి వాడుకున్నాం. రాత్రంతా తెర వంక చూస్తూ కూర్చునే ఈ పిల్లలకు ఇంతకంటే తగిన మాటలు ఉండవు.

జవాబు:

చాలా బాగా చెప్పారమ్మా. వేచి ఉండటం అంటే కాలం గడపడం అనే కంటే రావలసిన దిక్కుగా కళ్ళు పెట్టుకోవడం అని మన భాష అనుకుంది. అందుకే దిక్కు తెలియకపోతే అంత బాధ.

మూడో ప్రశ్న మిగిలిపోయింది, అది ఈ బాధకు సంబంధించినదే. ఆలస్యం అంటే సమయం మించింది అని మాత్రమే. జాప్యంలో కాస్త నింద ఉంటుంది, చేయగలిగి చేయలేదన్న ధ్వని, ఫైళ్ళు కదలనప్పుడు పత్రికలు వాడే మాట. కావాలని సాగదీస్తే కాలయాపన. ఇవి మూడూ వెనక్కి చూస్తాయి. వాయిదా ముందుకు చూస్తుంది. అది ఉర్దూ హిందీల వాయదా నుంచి వచ్చింది, అక్కడ దానికి మాట ఇవ్వడం, గడువు అని అర్థాలు. కోర్టు వాయిదా అంటే అందుకే ఒక తేదీ ఉంటుంది. కొత్త తేదీ ఇస్తేనే వాయిదా, తేదీ ఇవ్వకుండా "వాయిదా పడింది" అని రాస్తే మాటలోని మాటను తీసేసి తొక్క ఇచ్చినట్టు.

ఇంటర్వ్యూలు ఆగడానికి కారణాలు చాలావరకు డెవలపర్ చేతిలో ఉండవు. ఎంబార్గో అని, ఫలానా గంట కంటే ముందు ప్రచురించకూడదనే ఒప్పందం ఉంటుంది, ప్రచురణ సంస్థ ట్రైలర్‌ను జరిపితే ఇంటర్వ్యూ కూడా జరుగుతుంది. కంపెనీ ప్రచార విభాగం చదివి సరే అనాలి. జపనీస్‌లో మాట్లాడి ఉంటే అనువాదం కావాలి. కాబట్టి ఆలస్యానికి కోప్పడకండి. కొత్త తేదీ చెప్పకపోవడానికి మాత్రం గట్టిగా అడగండి, అది అభిమానిగా మీ హక్కు. మూడు మాటలు రాయడానికి ఏ ఎంబార్గో అడ్డం రాదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలండి. మా వాళ్ళందరి తరఫున డెవలపర్‌కు ఒక సందేశం తెలుగులో రాసి, దాని కింద ఇంగ్లీషులో పెడదామనుకుంటున్నాం. ఎలా రాయమంటారు? "మీ ఆలస్యం విషం" అని పెడదామని ఒకడు పట్టుబడుతున్నాడు.

జవాబు:

వద్దండి, ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అది బెదిరింపులా ఉంటుంది, అసలే ఆ చరిత్ర ఉన్న రంగం. ఇలా రాయండి: "గేమ్‌కు ఎంత సమయం కావాలంటే అంత తీసుకోండి. ఇంటర్వ్యూ మాత్రం ఎప్పుడో చెప్పండి, తేదీతో పాటు ఏ దేశపు టైమో కూడా రాయండి. ఇప్పుడే తెలియదంటే తెలియదనే రాయండి, అదీ మాకు చాలు." ఇందులో ఆలస్యం అనే మాటే లేదు చూడండి, అవసరం పడలేదు. ఏ దేశపు టైమో అన్న ముక్క మాత్రం తీయకండి, ఇలాంటి తగువుల్లో సగం అక్కడే పుడతాయి, ఒకచోట ఇంకా ఆ రోజే నడుస్తుంటే ఇంకోచోట తెల్లారిపోయి మాట తప్పారని తిట్లు మొదలవుతాయి.