ఎద్దుకైన గాని? ఎనుముకైన గాని? (వేమన పాఠం, ఒక ఫిలిప్పీన్స్ హాస్యనటుడి సందర్భంలో)

దవావో డాక్టరు: పెద్దలకు నమస్కారం. వేమన పద్యం ఒకటి సగమే గుర్తొచ్చి సతాయిస్తోంది. "ఎనుముకైన గాని యేడాది తెల్పిన..." ఆపైన "మొప్పె తెలియలేడు" అని వస్తుంది. మధ్యలో పాదం జారిపోయింది.

నేను ఎంబీబీఎస్ చదివింది ఫిలిప్పీన్స్‌లో, దవావోలో. హాస్టల్ ఎదురుగా కరిందేరియా, అంటే మన పూటకూళ్ళ కొట్టు లాంటిది, ఉండేది. అక్కడ మధ్యాహ్నం టీవీ అంటే 'ఈట్ బులగా' షోనే. జిమ్మీ శాంటోస్ అని భారీ మనిషి, ఒకప్పటి బాస్కెట్‌బాల్ ఆటగాడు, తర్వాత కామెడీ నటుడు, ఆ షో యాంకర్లలో ఒకడు. ఆయన వచ్చీరాని ఇంగ్లీషు మొదలుపెడితే అన్నం తినేవాళ్ళకి నవ్వుతో పొలమారేది. అలాంటి ఇంగ్లీషుని వాళ్ళు 'కారబావ్ ఇంగ్లీష్' అంటారు. కారబావ్ అంటే దున్న. ఆయన మీద చిన్న వ్యాసం రాస్తూ తలకట్టుగా ఈ పద్యం పెడదామనుకున్నా. పాఠం సరిచెప్పగలరు.

శేషు మాస్టారు: "మాట దెలిసి నడచు మర్మమెరిగి." ఇదీ మీకు జారిపోయిన పాదం. అయితే నాయనా, మొదటిది ఎనుము కాదు, ఎద్దు. బళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు.

కడప రెడ్డెమ్మ: బళ్ళో ఎద్దే మాస్టారూ, మా జేజి (అవ్వ) నోట్లో మాత్రం ఎనుమే. గణాలు మీరే చూడండి. ఎద్దు హగణం, ఎనుము నగణం, రెండూ సూర్యగణాలే. యతి ఎ–యే ఎట్లాగూ కుదిరింది. వేమన మా సీమవాడు. మేము గేదె అనం, బర్రె అనం, ఎనుము అంటాం. అచ్చేసినోళ్ళు ఎవరో కోస్తావాళ్ళు అయ్యుంటారు, అర్థంకాక ఎద్దుని చేసినారు.

శేషు మాస్టారు: కుదరడం వేరు, ఉండడం వేరమ్మా. నోటిపాఠాలన్నీ ఒప్పుకుంటూ పోతే వేమనకి ఇంకో వెయ్యి పద్యాలు తేలతాయి. "దున్నకైన గాని" అన్నవాళ్ళనీ విన్నాను. యతి గంగలో కలిసింది, అయినా చెప్పడం మానలేదు.

వరంగల్ వంశీ: నాకు ఎద్దూ వద్దు, ఎనుమూ వద్దు. ఈ 'మొప్పె' ఏంది సార్? చేప మొప్పకూ దీనికీ ఏమన్న చుట్టరికం ఉన్నదా?

శేషు మాస్టారు: లేదు. మొప్పె అంటే మూర్ఖుడు, మోటువాడు. ఎద్దు ఏడాదిలో నేర్చుకున్నా వాడికి ముప్పయ్యేళ్ళకైనా తెలియదని పద్యం. చేపని వదిలెయ్.

నిఘంటు పురుగు: అసలు సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు. కారబావ్! మనకి 'కారెనుము' ఉంది కదా, కారు అంటే అడవి, అడవి ఎనుము. కారెనుము, కారెబావు, కారబావు. ఓడల్లో మనవాళ్ళు తూర్పు దీవులకి వెళ్ళిన కాలంలో మాట కూడా వెళ్ళి ఉంటుందని నా ఊహ.

మనీలా మాధవి: పురుగు గారూ, 'నుము' దారిలో ఎక్కడ మునిగిపోయిందండీ? మలయ్‌లో కెర్బావ్, ఫిలిప్పీన్స్ భాషల్లో చూస్తే విసయాల్లో కరబావ్, తగలోగ్‌లో కలబావ్. అంతా ఒకే కుటుంబం. స్పెయిన్ వాళ్ళు దాన్నే కారబావ్ అని రాసుకున్నారు. మన ఎనుముతో పని లేదు.

డాక్టరు గారికి ఒక మాట. బాస్కెట్‌బాల్ నుంచి కామెడీకి వచ్చినవాళ్ళలో ఆటపరంగా ఘనుడు జిమ్మీ కాదు, బెంజీ పరాస్. ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్ లీగు పీబీఏ 1975లో మొదలైంది, ఆసియాలో అదే మొదటి ప్రొఫెషనల్ లీగు. అందులో పరాస్ కొత్తగా వచ్చిన ఏడాదే, 1989లో, ఉత్తమ కొత్త ఆటగాడు, అత్యంత విలువైన ఆటగాడు (ఎంవీపీ) రెండు బహుమతులూ ఒకే సీజన్లో కొట్టేశాడు. అలా కొట్టినవాడు ఆయనొక్కడే. 1999లో మళ్ళీ ఎంవీపీ. తర్వాత సిట్‌కామ్‌లలో అమాయకపు బండమనిషి వేషాలు వేసి నవ్వించాడు.

దవావో డాక్టరు: పరాస్ సంగతి తెలుసండీ. కానీ ఆయన ఆటతో పేరు తెచ్చుకుని ఆ పేరుతో కామెడీలోకి వచ్చాడు. జిమ్మీకి జనం నోట్లో పేరు కామెడీతోనే. పైగా నాకు కావలసింది ఇంగ్లీషు. ఆయన మొహం మీద వచ్చీరాని ఇంగ్లీషు రాసిన మీమ్‌లు ఒక తరానికి తరం పంచుకుంది.

మనీలా మాధవి: సరే, అయితే ఆ దున్న దగ్గరే చిక్కుంది. దున్నపోతు అంటే మనకి మొద్దు, బద్ధకం, మీద వాన కురిసినా కదలనిది. అక్కడ వరిమడి దున్నేదే అది. మనకి ఎద్దు ఎంతో వాళ్ళకి కారబావ్ అంత. 1901లో 'థామస్' అనే ఓడలో ఐదొందలకు పైగా అమెరికన్ టీచర్లు దిగి బళ్ళలో ఇంగ్లీషు మొదలుపెట్టారు. ఆ ఇంగ్లీషు పొలం గట్టు దాకా వెళ్ళి ఎలా మారిందో, దాన్ని పట్నం వాళ్ళు ఎక్కిరించిన మాట ఇది. ఎక్కిరింపు పశువు మీద కాదు, దాని వెనక మేడి పట్టినవాడి మీద. జిమ్మీ ఆ మేడి పట్టినవాడి గొంతుతోనే, జంకు లేకుండా, తప్పుని సరిగ్గా తాళానికి వేసి మాట్లాడేవాడు. మీరు ఈ పద్యం నెత్తిన పెడితే ఆయన్నే మొప్పె అన్నట్టు అవుతుంది.

కడప రెడ్డెమ్మ: చూసినారా! ఎద్దు చేసే పని ఎనుము చేసే దేశం ఉంది. అయితే నా పాఠం నిలబడినట్టే.

గుంటూరు గోంగూర: నిలబడలేదండీ. అది ఫిలిప్పీన్స్‌లో. సీమలో ఎనుముకి ఏడాది పాటు దున్నడం ఎవరు నేర్పుతారు? 'తెల్పిన' అంటే పనికి మలచడం. ఇంకోటి, వేమన మీవాడని ఎవరన్నారు? కొండవీటి రెడ్లతో చుట్టరికం చెప్పే కథలన్నీ ఎక్కడివి మరి?

కడప రెడ్డెమ్మ: సమాధి ఎక్కడుందో చెప్పండి. కదిరి దగ్గర కటారుపల్లెలో. కథలు ఎన్నైనా కట్టుకోవచ్చు.

శేషు మాస్టారు: రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి వేమన ఉపన్యాసాలు చదివి వచ్చి ఈ తగువు పెట్టుకోండి. వేమనది ఏ ఊరన్న ఈ పంచాయితీని 1928లోనే ఆయన ఓపికగా విన్నారు.

వరంగల్ వంశీ: డాక్టరన్నా, జిమ్మీ సాబ్ ఇప్పుడేం చేస్తున్నడు? ఆ మధ్య ఖాళీ డబ్బాలు, సీసాలు అమ్ముకుంటున్న వీడియో ఒకటి నాక్కూడా వచ్చింది.

దవావో డాక్టరు: అది ఆయన సొంత వ్లాగు తమ్ముడూ. జనం పేదవాడైపోయాడని కంగారుపడితే, అలాంటిదేం లేదని ఆయనే చెప్పాడు. మాధవి గారూ, పద్యం తీసేస్తున్నా. నేను చెప్పదలచింది సరిగ్గా దానికి ఎదురు. ఆయన ఆ ఇంగ్లీషుతోనే దశాబ్దాల పాటు మధ్యాహ్నపు టీవీని దున్నాడు.

నిఘంటు పురుగు: తీసేసినా పాఠం తేలాలి కదండీ. మాస్టారు రెండో పాదం "నడచు" అని రాశారు. నా దగ్గరున్న ప్రతిలో "నడుచు". రెండూ నగణమే కాబట్టి ఛందస్సు సాయం చెయ్యదు.

శేషు మాస్టారు: మీ ప్రతి ఎవరు వేసింది? ముందు ముఖపత్రం ఫోటో పెట్టండి.