మడత కీబోర్డు: జేబులో పట్టాలా, ఒళ్ళో నిలవాలా?

మడతబందు (చర్చ మొదలుపెట్టింది)

ఫోన్‌కి తగిలించుకునే మడత కీబోర్డు ఒకటి డిజైన్ చేస్తున్నాను. మూసి ఉన్నప్పుడు ఫోన్ వెనక అతుక్కుని ఉంటుంది. విప్పితే రెండు రెక్కలు, మొత్తం వెడల్పు 280 మి.మీ. కీకీ మధ్య ఎడం 19 మి.మీ., అంటే మామూలు డెస్క్‌టాప్ కీబోర్డుకి ఉండేదే. ఒక్కో రెక్క 140 మి.మీ. కాబట్టి 160 మి.మీ. పొడవున్న ఫోన్ వెనక దాక్కుంటుంది. నిలువులో కీబోర్డు ఫోన్ వెడల్పుని, అంటే 75 మి.మీ.ని, దాటకూడదు. అందుకని కీల ఎత్తు 15 మి.మీ.కి తగ్గించి అయిదు వరసలు పట్టించాను. అడ్డంగా తగ్గిస్తే వేళ్ళు తడబడతాయి గానీ నిలువులో కొంచెం తగ్గినా చెయ్యి సర్దుకుంటుంది.

ఇబ్బంది మందంతోనే. రెక్కకి 6 మి.మీ. చొప్పున మడిస్తే 12, ఫోన్‌తో కలిపి 20 దాటుతోంది. మా ఆఫీసు ఫ్రెండ్ ఏమంటాడంటే, అసలు మడత ఎందుకు, ఫోన్ పొడవంతే కీబోర్డు చెయ్యి, 16 మి.మీ. ఎడంతో వరసకి పది కీలు పడతాయి, బందు ఖర్చు మిగులుతుంది, పాడయ్యే భాగం ఉండదు అని. ఇది తీసెయ్యదగ్గ మాట కాదు. మీరేమంటారు? మడతా, సాదాదా? బ్లూటూతా, టైప్-సి వైరా?

పాత_నోకియా

మనసు కష్టపెట్టుకోకండి గానీ, ఈ దారిలో వెళ్ళి తిరిగిరానివాళ్ళ లిస్టు పెద్దదే. 2000 ప్రాంతంలో పామ్ పరికరాలకి (అప్పటి జేబు కంప్యూటర్లు) స్టోఅవే అని నాలుగు ముక్కలుగా మడిచే కీబోర్డు వచ్చింది. విప్పితే పూర్తి సైజు, మూస్తే జేబులో పట్టేది. అంత చక్కటి మడత మళ్ళీ నేను చూడలేదు. కానీ పామ్ త్రీకి కొన్నది పామ్ ఫైవ్‌కి పనికిరాదు, కనెక్టర్ వేరు. పరికరం మార్చగానే కీబోర్డు అటక మీదకి.

2014లో ఐఫోన్‌కి టైపో అని వస్తే బ్లాక్‌బెర్రీ కోర్టుకెళ్ళి ఆపించింది. మా కీల ఆకారం కాపీ కొట్టారని. 2015లో శాంసంగ్ నోట్ 5కి తెర కింది సగం మీద తగిలించే కీల కవర్ వచ్చింది, సగం తెర దానికే పోయేది. మోటో జెడ్ ఫోన్ల వెనక తగిలించే స్లైడర్ కీబోర్డుకి జనం ముందే డబ్బు కట్టారు. 2018లో అది ఆగిపోయింది. ఆ మనుషులే తర్వాత ఎఫ్ఎక్స్‌టెక్ ప్రో1 అని, కీబోర్డు ఫోన్‌లోనే ఉండేలా ఏకంగా ఫోనే చేశారు. యాక్సెసరీగా నడవదని వాళ్ళకి అర్థమైందనే నేననుకుంటున్నా.

2024లో క్లిక్స్ అని ఐఫోన్‌కి తొడిగే కీబోర్డు కేసు వచ్చింది. అప్పుడు ధర 139 డాలర్ల నుంచి ఉండేది. అది మాత్రం నిలబడింది. ఎందుకు? మడత లేదు, బ్యాటరీ లేదు, బొటనవేళ్ళతో కొట్టే చిన్న కీలు. మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్టు.

వాయిస్‌రాజా

2026లో కీబోర్డు గురించి చర్చేంటి బ్రో. మైక్ నొక్కి మాట్లాడితే తెలుగు దానంతటదే వస్తోంది.

మండల_కంట్రిబ్యూటర్

వాయిస్‌రాజా తమ్ముడూ, నేను పేపర్‌కి మండలం నుంచి వార్తలు పంపేవాణ్ణి. ఎమ్మెల్యే ప్రెస్‌మీట్ నడుస్తుండగా పక్కన కూర్చుని "ఎమ్మెల్యే ఆగ్రహం వ్యక్తం చేశారు" అని ఫోన్‌కి చెప్పమంటావా? పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ చూసి రాసుకునేటప్పుడు? బస్సులో? సర్వే నంబర్లు, ఇంటిపేర్లు నోటితో చెప్తే ఏం వస్తుందో ఒకసారి చూడు.

మడతబందు గారూ, మడత కీబోర్డు నా దగ్గరుంది. కంపెనీ పేరెందుకు గానీ బ్లూటూత్‌ది, రెండు రెక్కలది. టేబుల్ మీద బ్రహ్మాండం. కానీ మాకు టేబుల్ ఎక్కడిదండీ? ప్రెస్‌మీట్‌లో టేబుల్ నాయకుడి ముందుంటుంది, దాని మీద మైకులుంటాయి. మాకు ప్లాస్టిక్ కుర్చీ. ఒళ్ళో పెట్టుకుంటే రెక్కలు చెరో తొడ మీద పడతాయి, మధ్య బందు సరిగ్గా సందులో వేలాడుతుంది. జి, హెచ్ కీలు నొక్కినప్పుడల్లా మధ్యలో కుంగి, రెండు చివరలూ లేస్తాయి. కాళ్ళు దగ్గరికి పెట్టుకుంటే కాసేపు ఆగుతుంది, పక్కవాడు కుర్చీ జరిపితే మళ్ళీ అంతే. ఫోన్‌కి వేరే స్టాండ్ పెట్టాలి, అదేమో ఒళ్ళో నిలబడదు. చివరికి బ్యాగులోనే ఉంటోంది, బొటనవేళ్ళతోనే కొడుతున్నా.

జేబులో పట్టడం ముఖ్యం కాదు. మాకు ఎలాగూ బ్యాగుంటుంది. ఒళ్ళో నిలవాలి.

పాత_నోకియా

చూశారా. కంట్రిబ్యూటర్ గారే చెప్పారు, బొటనవేళ్ళతోనే కొడుతున్నానని. బొటనవేళ్ళ కీబోర్డు చెయ్యండి, కేసు క్లోజ్.

అచ్చుహల్లు

అంత తొందరగా క్లోజ్ చెయ్యకండి. ఎవరూ లెక్కలోకి తీసుకోని సంగతొకటి ఉంది. పది కీల వరస ఇంగ్లిష్‌కి సరిపోతుంది, ఇన్‌స్క్రిప్ట్‌లో (ఒక్కో కీకి నేరుగా తెలుగు అక్షరాలు కేటాయించిన లేఅవుట్) తెలుగు కొట్టేవాళ్ళకి సరిపోదు.

మీ కీబోర్డు ముందు పెట్టుకుని చూడండి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమ చేతి వైపు ఎక్కువగా గుణింతాలు, కుడి వైపు హల్లులు. కె మీద క, ఎల్ మీద త, పి మీద జ. ఇంతవరకు బాగానే ఉంది. మరి చ ఎక్కడ? ఎల్ పక్కన సెమీకోలన్ కీ మీద. ట దాని పక్కన కోట్ గుర్తు మీద. డ అనేది పి పక్కన బ్రాకెట్ మీద. య స్లాష్ మీద. చిన్న కీబోర్డు చేసే ప్రతివాడూ ముందు ఈ కుడి చివరి గుర్తులనే నరికేస్తాడు, లేదా ఎఫ్ఎన్ కీ కిందకి తోస్తాడు, అంటే ఆ కీతో కలిపి నొక్కితేనే వస్తాయి. ఇంగ్లిష్‌వాళ్ళకి సెమీకోలన్ ఎప్పుడో గానీ అక్కర్లేదు. మనకి చ, ట, డ, య లేకుండా ఒక్క వాక్యం పూర్తవుతుందా? "చెప్పాడు" అని రాయడానికి రెండుసార్లు ఎఫ్ఎన్ నొక్కాలి. విలేకరి ఆ మాట రోజుకి ఎన్నిసార్లు రాస్తాడో ఆయన్నే అడగండి.

అందుకే పన్నెండు నిలువు వరసలు కావాల్సిందే. 16 మి.మీ. ఎడంతో వేసినా 192 మి.మీ. అవుతుంది, ఫోన్ పొడవు దాటిపోతుంది. మడత సోకు కోసం కాదు, తెలుగు కోసం. మందం తగ్గించుకోండి, ఎత్తు తగ్గించుకోండి, కుడి చివర మాత్రం ముట్టుకోకండి.

పాత_నోకియా

ఇన్‌స్క్రిప్ట్ ఎంతమంది వాడతారండీ? ఇంగ్లిష్ అక్షరాల్లో "cheppaadu" అని కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్ళే నాకు కనిపిస్తారు. వాళ్ళకి 26 కీలు చాలు.

(పైన ఆ ముక్క తెలుగు లిపిలో పెట్టాల్సింది, ఫోన్ మాట వినలేదు.)

అచ్చుహల్లు

ఫోన్ మాట వినలేదన్నారు చూశారా, అక్కడికే వస్తున్నా. తెర మీది కీబోర్డు యాప్ ఆ మార్పిడి చేస్తుంది. బయటి కీబోర్డు తగిలిస్తే కథ వేరు. కీబోర్డు అక్షరాలు పంపదు, ఫలానా కీ నొక్కారని నంబర్ పంపుతుంది. దాన్ని ఏ అక్షరంగా చూపాలో ఫోన్ చూసుకోవాలి. ఆ నొక్కుల్ని యాప్ అందుకుని తెలుగు చేస్తుందన్న గ్యారంటీ లేదు, యాప్ రాసినవాళ్ళు ప్రత్యేకంగా చూసుకుంటేనే. కీబోర్డులో చిప్ పెట్టి నేరుగా "క" పంపుదామన్నా కుదరదు, మామూలు కీబోర్డులు వాడే పద్ధతిలో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఇచ్చిన సంకేతాలు) పంపడం నడవదు.

లేఅవుట్ పద్ధతికి మాత్రం దారుంది. ఆండ్రాయిడ్ 4.1 నుంచి బయటి కీబోర్డుకి లేఅవుట్‌ని చిన్న యాప్‌గా ఇవ్వొచ్చు. ఒక కీకి ఒకే అక్షర సంకేతం పెట్టగలం కాబట్టి, విండోస్‌లో షిఫ్ట్ 7తో ఒక్క నొక్కుతో వచ్చే క్ష ఇక్కడ రాదు. క, పొల్లు, ష విడిగా కొట్టాలి. దానివల్ల కొంప మునగదు. మడతబందు గారు కీబోర్డుతో పాటు ఆ యాప్ కూడా ఇవ్వాలి, అది లేకుండా తెలుగు కీబోర్డు అని అమ్మకూడదు.

రాగితీగ

ఎలక్ట్రానిక్స్ వైపు నుంచి చెప్తాను. బందు అనగానే అందరూ ఇనుము గురించి ఆలోచిస్తారు, మడత కీబోర్డు చచ్చేది తీగ దగ్గర. 60 కీలంటే 5 అడ్డం, 12 నిలువు వరసల మ్యాట్రిక్స్, అంటే వరసకో తీగ చొప్పున అల్లిన గళ్ళు. సగం ఒక రెక్కలో ఉంటే బందు దాటి 11 తీగలు వెళ్ళాలి. మామూలుగా పల్చటి ఫ్లెక్స్ పట్టీ (వంగే సర్క్యూట్) వేస్తారు. రోజూ ఒకేచోట మడత పడితే రాగి చిట్లుతుంది. ముందు ఒక నిలువు వరస కీలన్నీ పోతాయి, జనం కీలు పాడయ్యాయనుకుంటారు. ఫ్లెక్సే వాడాలంటే రోల్ చేసిన రాగిది అడిగి మరీ చేయించండి, మామూలుగా వాళ్ళిచ్చేది వంపులకి ఆగదు.

నేనైతే రెండో రెక్కలో అక్కడి కీల నొక్కుల్ని చదివి పంపే ఎంసీపీ23017 లాంటి ఒక చిన్న చిప్ పెడతాను. అప్పుడు బందు దాటేవి నాలుగు తీగలే: కరెంటు, గ్రౌండ్, డేటా, క్లాక్. నాలుగే కాబట్టి బందు ఇరుసు లోపలి నుంచే పొడుగ్గా పోనివ్వొచ్చు. అలా పోతే తీగ వంగదు, మెలితిరుగుతుందంతే. మెలిక పొడుగంతా పంచుకుంటుంది కాబట్టి చాలాకాలం ఆగుతుంది.

బ్లూటూతా వైరా అంటే నా ఓటు వైరుకే. టైప్-సిలో సీసీ పిన్‌కి (ఏం తగిలించారో ఫోన్‌కి చెప్పే పిన్) 5.1 కిలో ఓమ్స్ రెసిస్టర్ పెడితే ఫోనే హోస్ట్ (కీబోర్డుని నడిపే వైపు) అయి 5 వోల్టులు ఇస్తుంది. కీబోర్డు లాగేది పదుల మిల్లీ ఆంపియర్లే. బ్యాటరీ ఉండదు, ఛార్జింగ్ టెన్షన్ ఉండదు, మందం తగ్గుతుంది. బ్లూటూత్ అయితే లిథియం బ్యాటరీ, దానికి చోటు, పైగా మన దేశంలో అమ్మాలంటే రేడియోకి డబ్ల్యూపీసీ (కేంద్ర వైర్‌లెస్ విభాగం) అనుమతి, వైర్‌లెస్ కీబోర్డుకి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్. ఒక్కడే చేసేవాడికి ఆ కాగితాలే ఏడాది పని.

మండల_కంట్రిబ్యూటర్

వైరు పెడితే ఫోన్ ఛార్జింగ్ ఎలాగండీ? సాయంత్రానికి మా ఫోన్లన్నీ పవర్‌బ్యాంకు మీదే బతుకుతాయి.

రాగితీగ

అసలు తలనొప్పి అక్కడే ఉంది, దాచను. కీబోర్డులో ఇంకో టైప్-సి పెట్టి ఛార్జింగ్ దాటించాలంటే ఫోన్ ఒకేసారి కరెంటు తీసుకుంటూ కీబోర్డుకి హోస్ట్‌గా ఉండాలి. దానికి పవర్ డెలివరీ (కరెంటు ఎవరు ఎవరికి ఇవ్వాలో తేల్చుకునే పద్ధతి) మాట్లాడే చిప్ కావాలి. ఖరీదు పెరుగుతుంది, కొన్ని ఫోన్లు సహకరించవు. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న ఫోన్లకి బాధ లేదు, కానీ విలేకరుల దగ్గర ఆ ఫోన్లుండవు.

పాత_నోకియా

అంటే చిప్ మీద చిప్, యాప్, బందు, తీగ. ధర ఎంతకి చేరుతుందో చెప్పండి. మూడు వేలు దాటితే ఎవరూ కొనరు. ఇంకొంచెం వేస్తే పాత ల్యాప్‌టాప్ వస్తుంది.

మడతబందు

పాత ల్యాప్‌టాప్ ఒళ్ళో నిలుస్తుంది గానీ ప్రెస్‌మీట్‌లో తెరిచేసరికి వార్త అయిపోతుంది.

సరే, ఇక్కడిదాకా వచ్చిన వాటిలో నాకు తేలినవి చెప్తాను. పన్నెండు వరసలు తప్పవు, అచ్చుహల్లు గారి లెక్కకి నా దగ్గర జవాబు లేదు. కాబట్టి మడత ఉంటుంది. వైరే పెడతాను. ఛార్జింగ్ దాటింపు మొదటి మోడల్‌లో ఉండదు, దాని మీద తిట్లు తినడానికి సిద్ధం. ఫోన్ బరువు టైప్-సి పిన్ను మీద పడకూడదు కాబట్టి ఫోన్‌ని అంచుల దగ్గర పట్టే ఊయల విడిగా ఉంటుంది, పిన్ను చిన్న వైరుతో వస్తుంది. అప్పుడు పాత_నోకియా గారి పామ్ బాధ కూడా ఉండదు, ఫోన్ మారిస్తే ఊయల సర్దుకుంటే చాలు.

కంట్రిబ్యూటర్ గారి కుంగుడుకి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, బందుని మధ్య నుంచి పక్కకి జరపడం: ఒక రెక్క 160, ఇంకోటి 120. అప్పుడు బందు ఒక తొడ మీద పడుతుంది. రెండోది, అడుగున తలుపు గడియలా జారే స్టీలు పట్టీ. విప్పాక తోస్తే రెండు రెక్కలూ ఒకే పలకవుతాయి. 1995లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 701లో మూత తెరవగానే కీబోర్డు రెండు ముక్కలూ జారి కలిసి, యంత్రం అంచు దాటి వెడల్పయ్యేవి. ఆ ముక్కలు మెట్లుమెట్లుగా కోసినవి కాబట్టి ఏ కీ రెండుగా చీలేది కాదు. నా బందు గీత కూడా అలాగే కీల మధ్య వంకరగా పోవాలి, తిన్నగా కోస్తే బి కీ సగమైపోతుంది.

రాగితీగ

వంకర గీత అంటే బందు ఇరుసు తిన్నగా, కీల అంచు వంకరగా. మడిచినప్పుడు పళ్ళు ఒకదానికొకటి తగులుతాయి. కీలు ఇరుసు ఎత్తు దాటి పైకి రాకుండా చూసుకోండి. ఇంకోటి, మూసినప్పుడు జేబులో కీలు నొక్కుకుని ఎవరికో మెసేజ్ పోకుండా హాల్ సెన్సర్ (అయస్కాంతం దగ్గరికొస్తే పసిగట్టేది), చిన్న అయస్కాంతం పెట్టండి. అయస్కాంతం ఫోన్‌కి దూరంగా ఉన్న అంచులో పెట్టండి, లేకపోతే ఫోన్‌లో దిక్సూచి తప్పు చూపిస్తుంది.

పాత_నోకియా

పక్కకి జరిపిన బందు నాకు నచ్చలేదు. 160 రెక్క ఫోన్ అంచుకి సరిసమానం, కింద పడితే ముందు దెబ్బ దానికే. గడియ ఒక్కటి చాలు. అదీ ప్లాస్టిక్‌ది కాదు.

కొంటానని మాత్రం ఇప్పటికీ అనడం లేదు.

అచ్చుహల్లు

నాకూ గడియే. 160, 120 అయితే బందు ఎన్, ఎం కీల దగ్గరికి జరుగుతుంది. ల, స కొట్టే చెయ్యి ఆ సందు మీదే ఆడుతుంది. మధ్యలో ఉంటేనే మేలు.

మండల_కంట్రిబ్యూటర్

గడియ పెట్టండి, ఒప్పుకుంటున్నా. ఒకే షరతు, ఒంటి చేత్తో తోస్తే పడాలి. రెండో చేతిలో మైకుంటుంది. ఇంకా ధర మూడు వేలకి పైన ఉంటే విడతల్లో ఇస్తారేమో చూడండి, మా జీతాలు మీకు తెలియనివి కావు.