హంగరీ ఎలిజబెత్ పుట్టింటికి ఎందుకు తిరిగి వెళ్లలేదు?

అందరికీ నమస్కారం. హంగరీ రాజు రెండవ ఆండ్రూ కుమార్తె ఎలిజబెత్ (1207–1231) గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. మధ్యయుగ ఐరోపా చరిత్ర చదివినవారి సహాయం కావాలి.

నాలుగేళ్ల పసిప్రాయంలో, 1211లో, ఆమెను జర్మనీలోని తురింగియాకు, కాబోయే అత్తవారింటికి పంపించారు. రెండేళ్లకే తల్లి గెర్ట్రూడ్ హంగరీ ప్రభువుల చేతిలో హత్యకు గురైంది. 1221లో తురింగియా పాలకుడు నాల్గవ లుడ్విగ్‌తో వివాహం జరిగింది. 1227లో ఆయన క్రైస్తవ మతయుద్ధమైన క్రూసేడ్‌కు బయలుదేరి ఇటలీలోని ఒట్రాంటోలో మరణించే నాటికి ఆమెకు ఇరవై ఏళ్లు, మూడో బిడ్డ ఇంకా కడుపులోనే ఉంది.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తరువాతి కథ. బాంబెర్గ్ బిషప్‌గా ఉన్న మేనమామ ఎక్బెర్ట్ మారుమనువుకు ఎంత ఒత్తిడి చేసినా ఆమె ఒప్పుకోలేదు. జర్మనీలోని మార్‌బుర్గ్‌లో ఆసుపత్రి కట్టించి, రోగులకు స్వయంగా సేవ చేసింది. తీసుకువెళ్లడానికి తండ్రి పంపిన దూత వచ్చేసరికి ఆమె కూర్చుని ఉన్ని వడుకుతోందని, రాజు బిడ్డను ఆ స్థితిలో చూసి ఆయన నివ్వెరపోయాడని ఆమెను సెయింట్‌గా (పునీతురాలిగా) ప్రకటించడానికి జరిగిన విచారణలో పరిచారికలు ఇచ్చిన సాక్ష్యంలో ఉంది. ఆ సాక్ష్యం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

ఆమె వెళ్లకపోవడానికి ఆధ్యాత్మిక గురువు కాన్రాడ్ ఎదుట లోకసుఖాలను వదులుకుంటానని చేసిన ప్రమాణమే కారణమా, తల్లి హత్య జరిగిన ఆస్థానంపై విముఖత కూడా ఉందా? అన్న నాల్గవ బేలా కుమార్తెలు కింగా, మార్గరెట్ తరువాత సన్యాసజీవితం ఎంచుకోవడంలో ఈ మేనత్త ప్రభావానికి సమకాలీన ఆధారాలు ఉన్నాయా? హంగరీ పండితుల పరిశోధనలు ఇంగ్లీషులో లభిస్తే వాటి వివరాలు దయచేసి తెలియజేయగలరు.