పది వారాల జాతి కోడిపిల్లలు: ఇప్పుడే ఏరెయ్యాలా, ఆరు నెలలు ఆగాలా?

లంకతోట:
ఆయ్, మాది రాజోలు వైపండి. మూడు అసీల్ (పందెం జాతి నాటుకోడి) పెట్టల్ని పొదగేస్తే 22 పిల్లలు మిగిలాయి, ఆదివారానికి పది వారాలు. అన్నిటికీ ఒకడే తండ్రి, మా నాన్న పెంచిన కాకి పుంజు, అంటే నల్ల ఈకలది. నూకలకీ చోళ్లకీ డబ్బులు ఆగట్లేదు, పైగా కొబ్బరిచెట్ల కింద ఒకదాన్నొకటి పొడుచుకు చస్తున్నాయి. జాతి నిలపడానికి ఆరు ఉంచి మిగతావి అమ్మేద్దామని నేను. పుంజు కూత పట్టకుండా ఏం తెలుస్తుందిరా, ఆరు నెలలు ఆగు అని ఆయన. ఎవరిది రైటు?

పుంజుబాబాయ్:
ఇప్పుడే ఏరెయ్ అబ్బాయ్. బరువైనవి, మేతకి ముందు దూకేవి ఆరు పట్టి గంప కింద పెట్టు, మిగతావి సంతకి. ఇరవై ఏళ్లుగా నేను చేసేది ఇదే. డేగ రంగు, అదే ఎర్ర ఈకల పిల్ల ఉంటే మాత్రం వదలకు.

పెట్టలక్క:
బాబాయ్ గారూ, బరువు చూసి ఆరు పడితే ఆరూ పుంజులే వస్తాయండి, ఆ వయసుకి పుంజుపిల్లే ముందుంటుంది కదా. మరి గుడ్లు మీరు పెడతారా? పుంజుని పుంజుతో, పెట్టని పెట్టతో పోల్చాలి. ఇంకోటి, పుట్టినప్పుడు పిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండొంతులు ఉంటుంది, కొత్తగా గుడ్లకొచ్చిన పెట్ట చిన్న గుడ్డు పెడితే పిల్లా చిన్నదే, అది దాని తప్పు కాదు, మెల్లగా అందుకుంటుంది. అసలు అసీల్ నెమ్మదిగానే పెరుగుతుంది. పది వారాలకే బొద్దుగా ఊగుతూ నడిచేది కనిపిస్తే ఫారం కోడి మీ గోడ ఎప్పుడు దూకిందో కనుక్కోండి.

పుంజుబాబాయ్:
కబుర్లు బాగానే ఉన్నాయమ్మా, ఆరు నెలలు దాణా నువ్వు పంపుతావా? 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని కానూరు, వేల్పూరుల్లో బర్డ్ ఫ్లూ అన్నాక మా సంతలో నాటుకోడిని కూడా ముట్టుకున్నవాడు లేడు. ఎన్ని ఉంచుకుంటే అంత టెన్షన్.

మకాంమనిషి:
ఇద్దరూ సగం సగం కరెక్టే. పుంజుల్లో ఏరివేత ఇప్పుడే పెట్టండి, పెట్టల్లో ఆగండి. అసీల్ పెట్ట ఏడాదికి పెట్టేదే ముప్పై నలభై గుడ్లు, తొందరపడి మంచి పెట్టపిల్లని అమ్ముకుంటే మళ్లీ దొరకదు. అయిదారు పెట్టలకి ఒక్క పుంజు చాలు, అదీ మీ గూటిది కాకూడదు, ఎందుకంటే మీ పిల్లలన్నీ ఒకే తండ్రివి, ఒకే తల్లివైతే సొంత అన్నాచెల్లెళ్లే, వాటిని కలిపితే రెండు మూడు తరాలకి గుడ్లు సరిగా పిల్లలవ్వవు, పుట్టినవీ నీరసం. గోదారి అవతల ఎవరిదగ్గరైనా పుంజు మార్చుకోండి.

ఇప్పుడు చేతికి తెలిసేవి కొన్ని ఉన్నాయి. పిల్లని వెల్లకిలా పట్టుకుని రొమ్ము ఎముక మీద వేలు జార్చండి, వంకర ఉంటే తగులుతుంది. ముక్కు పైదీ కిందిదీ కలవకపోతే తీసెయ్యండి. కాలివేళ్లు వంకరైతే కాస్త ఆలోచించండి, ఒక్కదానికైతే అది దాని తేడా, సగానికి పైగా ఉంటే బి2 విటమిన్ తక్కువైన మేతో, జారే నేలో, అంటే తప్పు మనదే. పసిపిల్లలు సన్నటి వెదురు మీద పడుకున్నా రొమ్ము వంగుతుంది. కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చి బతికి మెడ తిప్పుతున్నది ఎంత అందంగా ఉన్నా జాతికి వద్దు. ఎనిమిదో వారం టీకా వేశాక కొన్ని పిల్లలు డీలా పడతాయి, ఆ వారం తూకం నమ్మకండి.

రంగు గురించి నేను మాట్లాడను, దాని మీద పెళ్లిళ్లు ఆగిపోయాయి. నెత్తిన జుట్టు మాత్రం చూడండి. అసీల్‌కి మూడు వరసల పొట్టి జుట్టు ఉండాలి. రంపంలా నిలబడే ఒంటి జుట్టు వస్తే ఆ పిల్లని తీసేస్తే సరిపోదు, పొట్టి జుట్టున్న తల్లిదండ్రులకి ఒంటి జుట్టు పిల్ల పుట్టిందంటే కల్తీ ఇద్దరిలోనూ దాగుంది.

పెట్టలక్క:
పెట్టపిల్లల కాళ్లకి ఏ తల్లిదో తెలిసేలా రంగు కట్లు వేయండి, నెల పోతే మీరే మర్చిపోతారు.

లంకతోట:
పొద్దున్న నేనూ మా తమ్ముడూ ఒక్కోదాన్నీ పట్టుకుని చూశాం. పుంజులు 12, పెట్టలు 10. రొమ్ము వంకర ఒకటి, ముక్కు తేడా ఏదీ లేదు. పుంజులన్నీ అమ్మేస్తాం, పెట్టలకి పచ్చ, ఎర్ర, తెల్ల కట్లు వేశాం. కానీ ఎర్ర కట్టు పెట్టల్లో రెండింటికి ఒంటి జుట్టు. తండ్రి నాన్న కాకి పుంజే కదా. పక్కూరి వాళ్లు అడిగినా ఇవ్వని పుంజు అది. ఆయన ఇప్పుడే పొలం నుంచి వస్తున్నారు, నేను సంతకెళ్తున్నా.