రీమ్యాప్ చేయించాక బండి స్టార్ట్ కావట్లేదు, డ్యాష్‌బోర్డులో తాళం గుర్తు బ్లింక్ అవుతోంది

కావలి నుంచి:
అన్నా, కొంచెం అర్జెంటు. నాది 2014 స్విఫ్ట్ డీజిల్, లక్షా పదివేలు తిరిగింది, ఇన్నేళ్లలో ఎప్పుడూ రోడ్డు మీద ఆపలేదు. పికప్ కోసం మొన్న ఒక మెకానిక్ దగ్గర రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ)లో సెట్టింగులు మార్పించాను. ఈసీయూ విప్పి టేబుల్ మీద పెట్టి, వైర్లు తగిలించి ల్యాప్‌టాప్‌తో రాశాడు. తిరిగి బిగించాక సెల్ఫ్ కొడితే ఇంజన్ బాగానే తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు. మొదట బ్యాటరీ డౌన్ అన్నాడు, వేరే బ్యాటరీ పెట్టినా అంతే. ఇప్పుడేమో ఈసీయూ పోయింది, సెకండ్ హ్యాండ్‌ది వేద్దాం, పన్నెండు వేలు అంటున్నాడు. సోమవారం నాన్నను నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్లాలి, టెన్షన్‌గా ఉంది. నిజంగా ఈసీయూ పోయినట్టేనా?

ఒంగోలు నుంచి:
తమ్ముడూ, ముందు ఆ పన్నెండు వేలు జేబులోంచి తీయొద్దు. మూడు సంగతులు చూసి చెప్పు. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైట్ వెలుగుతోందా? ఫాల్ట్ కోడ్లు చదివే స్కానర్ పెడితే ఇంజన్ ఈసీయూతో మాట్లాడుతోందా? తాళం గుర్తు వెలిగి ఆరిపోతోందా, బ్లింక్ అవుతూనే ఉందా? ఇంకోటి, కీచైన్‌లో వేరే బండి తాళం ఉంటే తీసేసి ఒక్క తాళంతోనే కొట్టు. రెండు చిప్పులు దగ్గర దగ్గరగా ఉంటే ఒక్కోసారి ఏదీ సరిగా చదవదు. స్పేర్ తాళం ఉంటే దాంతోనూ చూడు.

కావలి నుంచి:
చెక్ ఇంజన్ లైట్ వస్తోంది అన్నా. స్కానర్ కూడా కలుస్తోంది. తాళం గుర్తు ఆగకుండా బ్లింక్ అవుతోంది, రెండు తాళాలతోనూ అంతే. స్కానర్‌లో పి16తో మొదలయ్యే కోడ్, పక్కన ఇమ్మొబిలైజర్ అని ఉంది.

ఒంగోలు నుంచి:
అయితే ఈసీయూ చావలేదు. చచ్చిన ఈసీయూ స్కానర్‌కి జవాబివ్వదు, చెక్ ఇంజన్ లైట్ కూడా మామూలుగా రాదు. నీది బతికే ఉంది, నీ తాళాన్ని గుర్తుపట్టట్లేదు, అంతే తేడా.

ఆ ఇమ్మొబిలైజర్, అంటే పరాయి తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది, ఎలా పనిచేస్తుందో చెప్తాను, రేపు ఎవరి దగ్గరికి వెళ్లినా ఉపయోగపడుతుంది. తాళం పిడిలో చిన్న చిప్ ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టే చోట చుట్టూ ఒక కాయిల్ ఉంటుంది, చిప్‌కి కరెంటు దాని నుంచే వస్తుంది, కోడ్ చదివేది కూడా అదే. ఆ కోడ్ సరిపోతే ఇమ్మొబిలైజర్ ఈసీయూకి 'మనవాడే' అని చెప్తుంది, అప్పుడు గానీ ఈసీయూ ఇంజెక్టర్లు తెరవదు. వాళ్లిద్దరి మధ్య ఉన్న రహస్య కోడ్ ఈసీయూలో ఈప్రామ్ అనే చిన్న మెమరీలో ఉంటుంది. డీజిల్ ఎంత కొట్టాలి, టర్బో ఎంత ఇవ్వాలి అనే మ్యాపులు ఉండేది ఫ్లాష్ అనే ఇంకో మెమరీలో. రీమ్యాప్‌కి కావాల్సింది ఫ్లాష్ ఒక్కటే. టేబుల్ మీద పెట్టి రాసేటప్పుడు, ఇంకో స్విఫ్ట్ నుంచి తీసిన ఫైలుని ఈప్రామ్‌తో సహా మొత్తం దించేస్తే, నీ ఈసీయూ తనను తాను ఆ బండి ఈసీయూ అనుకుంటుంది. నీ తాళం దానికి పరాయిదైపోతుంది. నా అనుమానం అదే. స్కానర్‌లో ఈసీయూ సమాచారం తెరిచి ఛాసిస్ నంబర్ చూపిస్తుందేమో చూడు, చూపిస్తే ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చు.

నెల్లూరు నుంచి:
అన్న చెప్పింది కరెక్ట్. సెకండ్ హ్యాండ్ ఈసీయూ వేసినా ఇదే గొడవ మళ్లీ వస్తుంది, ఎందుకంటే దాంట్లోనూ వేరే బండి కోడే ఉంటుంది. ఇదే పని ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లకి జరిగితే ఒకటి రెండు సెకన్లు స్టార్టయి ఆగిపోతుంది, దాన్ని చూసి డీజిల్ పంపు పోయిందనుకొని పంపు విప్పిన వాళ్లను చూశాను. ఇమ్మొబిలైజర్ కోడ్ లేకుండా సెల్ఫ్ తిరిగి అందుకోకపోతే మాత్రం స్కానర్ లైవ్ డేటాలో రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి) చూడాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 150, 200 బార్‌కైనా లేవాలి. అప్పుడు ఆర్‌పీఎం సున్నా చూపిస్తే, ఇంజన్ తిరగడాన్ని కొలిచే క్రాంక్ సెన్సర్ వైరు చూడాలి. పి0601, పి0605 వస్తే రాసిన ఫైలే చెడిందని, చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా ఉందో లేదో ఈసీయూ చూసుకునే లెక్క) సరిచేయకుండా రాశారని అనుమానించాలి.

కావలి నుంచి:
అన్నా, ఛాసిస్ నంబర్ చివరి ఆరు అంకెలు వేరే ఉన్నాయి! నా ఆర్సీది కాదు. అడిగితే, పోనీ ఇమ్మొబిలైజరే తీసేస్తా, తాళం గొడవే ఉండదు అంటున్నాడు. తీయించమంటారా?

ఒంగోలు నుంచి:
వద్దు తమ్ముడూ, ఆ మాటకి ఒప్పుకోవద్దు. అది తీసేస్తే డూప్లికేట్ తాళం చెక్కించుకున్న ఎవడైనా బండి తీసుకుపోగలడు, పోయాక ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్‌కి అడ్డం తిరిగితే నువ్వే చిక్కుకుంటావు. ఒక్కటే అడుగు: రాసే ముందు నా బండి ఫైలు చదివి దాచావా? ఓబీడీ (బండిలో స్కానర్ తగిలించే సాకెట్) నుంచి చదివామని చెప్పేవాటిలో కొన్ని వర్చువల్ రీడ్‌లు, టూల్ నీ సాఫ్ట్‌వేర్ నంబర్ చూసి సర్వర్ నుంచి అలాంటి ఫైలు తెస్తుంది, అది నీ బండిది కాదు. నీది టేబుల్ మీద చేశాడు కాబట్టి పూర్తిగా చదివి ఉండొచ్చు. ఆ రోజు తేదీతో ఫ్లాష్, ఈప్రామ్ రెండూ ఉన్నాయేమో పక్కన కూర్చుని చూడు. ఉంటే నీ ఒరిజినల్ రెండూ తిరిగి రాయమను, మ్యాపు సంగతి తర్వాత. లేకపోతే ఆర్సీ, ఆధార్, రెండు తాళాలు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి మళ్లీ జత చేయించుకోవాలి.

నెల్లూరు నుంచి:
రాసేటప్పుడు టేబుల్ మీద నిలకడైన పవర్ సప్లై ఉండాలని గట్టిగా చెప్పు. గ్యారేజీల్లో వాడే మామూలు చార్జరు వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఇస్తుంది. రాయడం మధ్యలో కరెంటు పోయిందా, అప్పుడు నిజంగానే ఈసీయూ పోతుంది. మన దగ్గర కోతలు తెలిసినవే, ఇన్వర్టర్ ఉన్న చోటే చేయించు.

కావలి నుంచి:
దొరికింది అన్నా! ఆ రోజు పొద్దున 11:20కి చదివిన ఫైలు ఫోల్డర్‌లోనే ఉంది, రెండూ ఉన్నాయి. నేను పక్కనే కూర్చున్నాను. రాసి, బిగించి తాళం తిప్పితే ఆ గుర్తు వెలిగి ఆరిపోయింది. రెండో సెల్ఫ్‌కి అందుకుంది. ఒక ఫైలు కాపీ పెన్ డ్రైవ్‌లో తీసుకున్నాను. ఇంకేమైనా చూడాలా?

ఒంగోలు నుంచి:
స్కానర్‌లో ఇంజెక్టర్ కోడ్లు కనిపిస్తే, ఇంజెక్టర్ల మీద ఉన్న వాటితో నాలుగూ పోల్చు. అవి కూడా ఈసీయూ మెమరీలోనే ఉంటాయి, తేడా ఉంటే ఐడ్లింగ్‌లో కటకట శబ్దం వస్తుంది. పాత ఫాల్ట్ కోడ్లు తుడిచేసి సింగరాయకొండ దాకా ఒకసారి వెళ్లిరా, ఏదీ తిరిగి రాకపోతే సోమవారం నాన్నను నిశ్చింతగా తీసుకెళ్లు.